ఐటీ విభాగములో ఇంటర్న్ పని

పదవ తరగతి ముగించిన పిల్లల తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "తెలుగు మాధ్యమమున చదివిన మా బిడ్డ కంప్యూటరు ఉద్యోగమునకు పనికివచ్చునా?" మన హోసూరునకు బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్ల దూరముననే యుండుటచే ఈ ప్రశ్న మన యిండ్లలో మరింత గట్టిగా వినబడును. ఊరక ధైర్యము చెప్పుటకంటె, ఆ ఉద్యోగమునకు తొలిమెట్టయిన ఇంటర్న్ పని యెట్లుండునో చూపుట మేలని తలంచితిమి.

చదువు ముగియుటకు ముందో, ముగిసిన వెంటనే యో, కొన్ని నెలలపాటు పెద్దల చెంత పని నేర్చుకొనువాడు ఇంటర్న్. అతనికి భత్యము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. అప్రెంటిస్ వేరు, అతనికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టము ప్రకారము ఒప్పందపత్రమును, భత్యమును ఉండును. ఇందేది దొరకినదో చేరుటకు ముందే వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. పని యిప్పింతుమని ముందుగా సొమ్ము కట్టుమనువారిని మేము నమ్మము.

ఐటీ విభాగమనగా ప్రోగ్రాములు వ్రాయుచోటని పలువురు తలంతురు. ఆసుపత్రిలోనైనను, కర్మాగారములోనైనను ఆ విభాగము ముఖ్యముగా చేయునది యంత్రములను నడుచునట్లు చూచుట. ఎవరికి ఏ చిక్కు వచ్చినను దానికొక సంఖ్య నిచ్చి నమోదు చేయుదురు. దానినే టికెట్టందురు. కొత్తవానికి మొదట అప్పగించునవి ఈ టికెట్లే.

"ఇంటర్నెట్టు రాలేదు" అని యొక గుమాస్తా ఫిర్యాదు చేసెననుకొందము. తొందరపడి ఏదియు మార్చరాదు. ఈ యొక్క యంత్రమునకే రాలేదా, గదిలో నందరికినా? ఎప్పటినుండి? తీగ సరిగా తగిలియున్నదా? ఇవి అడిగిన పిమ్మట యంత్రముయొక్క ఐపీ చిరునామా చూడవలెను. ప్రతి యంత్రమునకును అంకెలతో కూడిన చిరునామా యొకటి కావలెను; సాధారణముగా దానిని డీహెచ్‌సీపీ అను సేవ పంచిపెట్టును. విండోస్ యంత్రములో ఆ చిరునామా 169.254 తో మొదలైనచో, పంచిపెట్టు సేవనుండి జవాబు రాక, యంత్రము తనంతట తానే యొక అంకె పెట్టుకొన్నదని యర్థము. చిరునామా సరిగానే యుండి, అంకెలతో పిలిచిన పలికి, పేరుతో పిలిచిన పలుకనిచో, పేరును అంకెగా మార్చు డీఎన్‌ఎస్‌ను అనుమానింపవలెను.

పిదప టికెట్టులో "సరిచేసితిని" అని మాత్రము వ్రాసిన చాలదు. ఏమి చూచితిమో, ఏమి మార్చితిమో వరుసగా వ్రాయవలెను. టికెట్లు తరచుగా ఇంగ్లీషుననే యుండును. కావున ఇంగ్లీషు అక్కరలేదని మేము చెప్పజాలము. అయినను అచట కావలసినవి చిన్న చిన్న వాక్యములు. కారణమును వరుసగా వెదకు అలవాటు మాత్రము తెలుగులో సైన్సు రికార్డు శ్రద్ధగా వ్రాసిన పిల్లలకు ఇదివరకే కలదు. ఇంగ్లీషు బాగుగా పలుకుచు, తీగ తగిలియున్నదో లేదో చూడనివాడు ఆ గుమాస్తాకు ఏమి సాయపడగలడు?

తప్పు జరిగినపుడు దాచకుండుట మరియొక పాఠము. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు, రెండవ సర్వరులో తుడువదలచిన సమాచారమును పొరపాటున ప్రధాన సర్వరులో తుడిచివేసెను. సుమారు 300 గిగాబైట్లు క్షణములలో పోయెను. బ్యాకప్పులు చూడగా ప్రతిదినము జరుగవలసినది ఎంతోకాలముగా జరుగుటయే లేదు. విఫలమైనదని తెలుపు ఉత్తరములు సయితము ఎవరికిని చేరలేదు. అదృష్టవశమున సుమారు 6 గంటల క్రితము చేతితో తీసిన ప్రతి యొకటి దొరకెను. ఆ 6 గంటల సమాచారము పోయినది. ఆ సంస్థ జరిగినదంతయు దాచక ప్రకటించెను. బ్యాకప్పు తీసినంతమాత్రమున చాలదు, దానిని తిరిగి తెరచి చూడవలెనని కొత్తవారికి నేటికిని ఈ ఉదంతముతో బోధింతురు.

అభ్యాసము: ఉపాధ్యాయుల అనుమతితో పాఠశాల కంప్యూటరులో కమాండు కిటికీ తెరచి ‘ఐపీకాన్ఫిగ్’ అను ఆజ్ఞ నిండు. కనబడిన చిరునామాను వ్రాసికొని, ప్రక్క యంత్రముదానితో పోల్చుడు. ఏ అంకెలు కలిసినవి, ఏది వేరైనది? కారణమును మీ మాటలలో వ్రాసి తెండు.