ఛత్రదానం: విప్పుట, ముడుచుట

మండుటెండలో రేణుకాదేవి పాదాలు కాలగా, ఆగ్రహించిన జమదగ్ని మహర్షికి సూర్యుడు గొడుగును, పాదరక్షలను ఒసగినట్లు మహాభారత అనుశాసనిక పర్వం తెలుపుతున్నది. ఛత్రదాన మహిమను చాటే కథ ఇది.

ఛత్రం నేడు ఎంత విశాలరూపం దాల్చగలదో సౌదీ అరేబియాలోని మదీనాలో చూడవచ్చు. అక్కడి ప్రవక్త మసీదు ప్రాంగణంలో సుమారు 250 మహాఛత్రాలున్నవి. జర్మన్ వాస్తుశిల్పి బోడో రాష్ సంస్థ వీటిని రూపొందించింది. విచ్చుకొన్నప్పుడు ఒక్కొక్కటి ఇంచుమించు 25 మీటర్ల చదరం. ఎత్తులలో స్వల్పభేదం ఉండుటచే ఒకదాని అంచు వేరొకదానిపైకి వచ్చి, నడుమ ఎండ దూరదు. వస్త్రం గరాటువలె లోనికి వాలి ఉండుటచే వాననీరు స్తంభం గుండా దిగిపోతుంది.

నాకు మిక్కిలి నచ్చినది వాటి ముడుచుకొనే గుణం. పగలు నీడనిచ్చి రాత్రి ముడుచుకొంటే, నేల తనలోని వేడిని ఆకాశానికి విడిచి చల్లబడుతుంది. కదలని కప్పు ఆ వేడిని చాలవరకు అడ్డగిస్తుంది.

కనుక ఆలయ ప్రాంగణానికి రేకుల కప్పు వేయింపదలచిన దాతలకు నా మనవి: త్రాళ్లతో లాగి ముడువదగిన గుడ్డ పందిరిని గూర్చి ముందుగా ఆలోచింపుడు. భక్తుని పాదం చల్లబడినప్పుడే ఛత్రదానం సఫలం.