సంక్షేమ చట్టాలు – మూడు ప్రశ్నలు

బి.యస్సీ. చదివే కుర్రాడికి చట్టాల గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. ఎకనామిక్సు వాళ్లో, పొలిటికల్ సైన్సు వాళ్లో రాయవలసిన వ్యాసమే ఇది. కాని నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. ప్రభుత్వం చేసే ప్రతి చట్టమూ, ఇచ్చే ప్రతి జీవో ఏదో ఒక రూపంలో మా గడప దాకా వస్తుంది; లేదా రావలసింది రాకుండా పోతుంది. ఎందుకు వచ్చింది, ఎందుకు రాలేదు అని అడగడం సైన్సు విద్యార్థి పనే గదా! నాకు బోధపడినంతవరకు ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

సంక్షేమ చట్టం అంటే?

మామూలు చట్టం ఇద్దరు మనుషుల్ని సమానులుగా భావించి వారి మధ్య న్యాయం చెబుతుంది. నిజజీవితంలో ఇద్దరూ సమానులు కారు. పని ఇచ్చేవాడు నెల రోజులు ఆగగలడు. పనికి వెళ్లేవాడు నాలుగు రోజులు ఆగితే పొయ్యి వెలగదు. ఈ తేడాను గుర్తించి, బలహీనుడి వైపు కాస్త మొగ్గు చూపేదే సంక్షేమ చట్టం.

ఇది ఈనాటి ఆలోచన కాదు. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1883లో కార్మికులకు జబ్బు బీమా, 1889లో వృద్ధాప్య పింఛను చట్టాలు చేసింది. బిస్మార్క్ సోషలిస్టు కాదు సరిగదా, సోషలిస్టుల బలం పెరగకుండా చూడటం కూడా ఆయన ఉద్దేశాల్లో ఒకటి. 1942లో బ్రిటన్‌లో బెవరిడ్జ్ నివేదిక పేదరికం, రోగం, అజ్ఞానం, మురికివాడలు, నిరుద్యోగం అనే అయిదు భూతాలను ఎదుర్కోవాలన్నది. మన రాజ్యాంగం నాలుగో భాగంలోని 39, 41, 43, 47 అధికరణాలు జీవనోపాధి, పని, బతకగలిగే వేతనం, పౌష్టికాహారం గురించి చెబుతాయి. అయితే 37వ అధికరణం ప్రకారం ఈ ఆదేశిక సూత్రాలను అమలు చేయమని కోర్టుకు ఎక్కడానికి వీల్లేదు. పరిపాలనకు మాత్రం ఇవే పునాది. పునాది చూపించి, ఇల్లు కట్టే పని చట్టసభలకు వదిలారన్నమాట. ఆ ఇల్లు సరిగా కట్టారో లేదో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలునని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్న: దయా? హక్కా?

మన రాష్ట్రంలో 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చింది. ఎన్నో ఇళ్లలో జొన్న, సజ్జ సంకటి పక్కన వరి అన్నం చేరింది. అది గొప్ప మేలే. కాని పథకం అన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది; ఇవాళ ఇచ్చిన చెయ్యి రేపు ముడుచుకోవచ్చు. హక్కు అలా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార పథకాలను ప్రజల హక్కులుగా పరిగణిస్తూ, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టం, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. 2013 ఆహార భద్రత చట్టం కూడా ధాన్యం అందకపోతే దానికి బదులు భత్యం ఇవ్వాలని రాసింది.

ఇక్కడ సూత్రం ఏమిటంటే, మాట తప్పితే ఇచ్చేవాడికి కూడా ఖర్చు ఉండాలి. అది లేని వాగ్దానం హక్కు అనిపించుకోదు.

రెండో ప్రశ్న: అందరికా? కొందరికా?

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి గాని, మా తాతయ్య రోజుల్లో కళ్లంలో చేటతో తూర్పారపట్టేవారు. గాలి మరీ తక్కువైతే తాలు గింజలోనే ఉండిపోతుంది. గాలి మరీ ఎక్కువైతే మంచి గింజ కూడా తాలుతో ఎగిరిపోతుంది. రెండూ లేకుండా తూర్పారపట్టడం ఎవరి తరమూ కాదు. ల్యాబులో మనం చేసే పరీక్షలూ అంతే. ఉన్నదాన్ని లేదనడం ఒక పొరపాటు, లేనిదాన్ని ఉందనడం ఇంకో పొరపాటు. ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది.

ఒక ఊళ్లో వంద ఇళ్లు, వాటిలో నలభై పేద ఇళ్లు అనుకుందాం. కఠినమైన నిబంధన పెడితే కలిగినవాళ్లు ఇద్దరే జొరబడతారు గాని, పేదల్లో పది ఇళ్లు జారిపోతాయి. సడలిస్తే జారిపోయేది ఒక్క ఇల్లే, కాని కలిగినవాళ్లు పాతికమంది వచ్చి చేరతారు. ఏది మేలు?

ఖజానా వైపు నుంచి చూస్తే మొదటిది. తిండి సంగతి గనుక నేను రెండోదే అంటాను. కారణం, ఈ రెండు పొరపాట్ల బరువు ఒకటి కాదు. తాలు మిగిలితే మళ్లీ తూర్పారపట్టవచ్చు. ఎగిరిపోయిన గింజను ఏరుకు రావడం కష్టం. పైగా అనర్హుడు జాబితాలో ఉంటే తనిఖీలో దొరుకుతాడు. జారిపోయిన అర్హుడికి జాబితాలో వరసే ఉండదు, ఏ తనిఖీకీ దొరకడు!

అలాగని అన్నీ అందరికీ ఇవ్వమనడం లేదు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు కట్టివ్వడం వంటి పెద్ద ఖర్చుకు అర్హత చూడక తప్పదు. కాని బడిలో అన్నం పెట్టేటప్పుడు ఏ పిల్లవాడినీ మీ నాన్న కార్డు ఏదని అడగం. చిన్న ఖర్చు, పెద్ద అవసరం ఉన్నచోట గాలి మెల్లగా వీస్తేనే మంచిది.

మూడో ప్రశ్న: ఎవరి పేరున?

ఇది మా ఇంటి ప్రశ్న. మాకు సొంతం ఎకరంన్నర. ఇంకో మూడెకరాలు కౌలుకు చేస్తాం. విత్తనం, ఎరువు, కూలీలు, అప్పు అన్నీ నాన్నవే. పాసుపుస్తకం ఆసామిది.

కేంద్రం 2019లో తెచ్చిన పి.ఎం. కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు ఎకరానికి ఇంత చొప్పున సొమ్ము – రెండూ భూమి ఎవరి పేర ఉందో వారికే ఇచ్చాయి. సాగు చేసేవాణ్ణి వెతకడం కష్టం, పట్టాదారు పేరు రికార్డులోనే ఉంది. పాలకులకు సులువైన కొలత అదే. కాని కొలవడానికి సులువైనదీ, కొలవవలసినదీ ఒకటి కాకపోవచ్చు.

కౌలుదారులకు రుణ అర్హత కార్డుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఒక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేశారు. పదకొండు నెలల ఒప్పందం రాసుకోవాలి, భూమి హక్కుకు దానివల్ల భంగం లేదని అందులోనే చెప్పారు. కాని ఒప్పందానికి ఆసామి సంతకం కావాలి. నాన్న అడిగితే మా ఆసామిగారు, “నీ మీద నమ్మకం లేక కాదయ్యా, రేపు మా పిల్లలకి ఏ చిక్కూ రాకూడదు గదా” అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు, భయస్తుడు. నాన్న రెట్టించలేదు. గట్టిగా అడిగితే పై ఏడు కౌలు దక్కదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు కోసిన పనలు నీళ్లలో తేలాయి. కార్డు లేదు గనుక నష్టం నాన్న పేరున ఎక్కలేదు. ఒప్పుకున్న బస్తాలు మాత్రం కొలవక తప్పలేదు.

ఎవరిమీద ఆధారపడి బతుకుతున్నాడో వాడి సంతకం మీదుగానే బలహీనుడి హక్కు రావాలంటే, చట్టం తాను సరిచేయవలసిన తేడాను తానే మళ్లీ నిలబెట్టినట్లు. ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. గ్రామసభలో పదిమంది సాక్ష్యం సంతకంకంటె ఎందుకు తక్కువ కావాలి?

ముగింపు

మాట తప్పితే అడిగే దారి ఉందా? జారిపోయినవారు ఎందరు? కష్టపడేవాడి పేరున వస్తోందా? ఏ పార్టీ ప్రభుత్వం తెచ్చిన పథకానికైనా ఈ మూడు ప్రశ్నలూ వేయవచ్చు. ఎంతమందికి ఇచ్చారో ప్రకటనల్లో వస్తుంది. ఎవరికి రాలేదో ఎవరో ఒకరు వెళ్లి అడగాలి.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. ఈ వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు లబ్ధిదారుల జాబితా ఒకటి తీసుకుని, వీధి వెంట ఇల్లిల్లూ సరిపోల్చి చూడండి. జాబితాలో ఉన్న పేర్లు కాదు, లేని పేర్లు రాసుకోండి. ఆ కాగితం గ్రామసభలో పైకి చదవండి. మనం నేర్చిన చదువుకు అంతకంటె మంచి ప్రాక్టికల్ నాకు తోచడం లేదు.