పాత జీపు: ప్రైస్ వేరు, వాల్యూ వేరు



'ప్రైస్', 'వాల్యూ' అనే ఇంగ్లిష్ మాటల తేడా పిల్లలకు చెప్పడానికి పాత జీపును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. అహోబిలం అడవిదారిలో పావన నరసింహస్వామి గుడికి జీపెక్కి వెళ్లినవాళ్లు మన నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లల్లో చాలామందే ఉంటారు.

మహీంద్రావాళ్లు 1947లో మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. పాత బండ్లు సేకరించేవాళ్లు చూసేది కొత్త రంగు మెరుపు కాదు, అసలుదనం. ముందు జాలీకి తొమ్మిది నిలువు చీలికలు యుద్ధకాలపు జీపు గుర్తు. తర్వాతి సివిల్ నమూనాలకు ఏడే. ఎవరైనా 'మిలిటరీ జీపు' అంటే పిల్లలతో లెక్కపెట్టించండి! పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్‌ది పెట్టిన బండి పొలానికి బాగా పనికొస్తుంది గానీ, సేకరించేవాళ్ల దగ్గర విలువ తగ్గుతుంది.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడుకు, బాడుగకు మాత్రం ఒప్పుకోరు.

మీ కొట్టంలో తాతగారి జీపుంటే, పాత ఇనుముకు వేసేముందు ఆర్సీ వెతకండి. కాగితాలు లేని బండిని కొనడానికి ఎవరైనా వెనకాడతారు. ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో పిల్లల చేతే సరిచూపించండి. కిలో లెక్కన దాని ప్రైస్ ఎంత, మీ ఇంటికి దాని వాల్యూ ఏమిటి అని ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాయించి పంపండి.