సిఫారసు ఉత్తరం ఎప్పుడు అడగాలి?

ఒక శనివారం రాత్రి ఎనిమిది దాటాక కోసిగి వైపు నుంచి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. సోమవారానికల్లా ఒక కాలేజీకి అధ్యాపకుని ఉత్తరం అందాలట. ఆయన గుంటూరు మిరప కోతల నుంచి అప్పుడే దిగాడు. నిలబెట్టి అడిగితే ఏం రాస్తాం? “మంచి బాలుడు, క్రమశిక్షణ గలవాడు” అని నాలుగు ముక్కలు రాసిచ్చాను. వాళ్ల బస్సు వెళ్లిపోయాక గుర్తుకొచ్చింది. ఇంట్లో పెద్దలంతా సుగ్గికి పోయిన నెలల్లో ఆ పిల్లవాడు తమ్ముడికీ చెల్లెలికీ వండిపెట్టి, ఒక్క క్లాసు కూడా మానలేదు. రాయవలసిన మాట అది.

ఉత్తరంతో మార్కులు పెరగవు. మైనారిటీ కాలేజీలకూ నీట్ తప్పదని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 29న తేల్చింది. అయితే, భారత బిషప్పుల సమాఖ్య 1963లో బెంగళూరులో స్థాపించిన సెయింట్ జాన్స్ వంటి చోట కతోలికులకు కేటాయించిన సీటు అడగాలంటే, మనం కతోలికులమని కాగితం చూపాలి. ఏ కాగితం, ఎవరి సంతకం అన్నది ఆ ఏటి ప్రాస్పెక్టసులో చూసుకోండి. పోయినేటి మాట నమ్మవద్దు.

జ్ఞానస్నాన పత్రం ఇప్పుడున్న విచారణలో దొరకదు. స్నానం పొందిన విచారణ పుస్తకంలోనే ఆ పేరు ఉంటుంది. పుస్తకంలో రాయప్ప, పదవ తరగతి సర్టిఫికెట్‌లో పీటర్ అని ఉంటే మనకు ఇద్దరూ ఒకటే. కౌంటరులో కూర్చున్న గుమాస్తాకు కాదు. అది సరిచూసుకోవడానికే వారాలు పడుతుంది.

నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం ఉంటుంది (2024లో మే 5, 2025లో మే 4). అంతకు ముందు నెలలు తపస్కాలం, పవిత్ర వారం, ఫాదరుగారికి ఊపిరాడదు. మిరప కోతలూ అప్పుడే. కడప వైపు ఎందరో తల్లులు కువైటులో ఉంటారు. కనుక జ్ఞానస్నాన పత్రం క్రిస్మస్ రోజుల్లోనే, సుగ్గికి బయలుదేరక ముందే తెచ్చుకోండి. ఫలానా కాలేజీకి అని రాయించుకునే ఉత్తరం మాత్రం నోటిఫికేషన్ వచ్చాకే. మరీ ముందు తేదీ వేసినది చెల్లకపోవచ్చు. అయినా మాట ముందే చెప్పి ఉంచండి. వేసవిలో బదిలీ అయితే, కొత్తగా వచ్చిన ఫాదరుగారు మీ బిడ్డను ఎరగరు.

అధ్యాపకునికి కనీసం మూడు వారాల గడువివ్వండి. మార్కుల జాబితా, చివరి తేదీ, మీ ఇంటి సంగతులు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. వారం ముందు ఒకసారి గుర్తు చేస్తే ఎవరూ కోప్పడరు. అమెరికాలో ఎం.ఎస్. చదవాలనుకునే వారికి తరచు మూడు ఉత్తరాలు కావాలి, గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో పడతాయి, సెప్టెంబరులోనే అడగండి.

ఆ పిల్లవాడి చెల్లెలు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకంలో పేరు ఎలా ఉందో చూసుకొని సంక్రాంతికి రమ్మన్నాను.