అత్తగారి పాళ్లు, అరకు పొట్లం

మొన్న సంక్రాంతికి మా చెల్లెలి కొడుకు అరకు మీదుగా వస్తూ నాకో కాఫీ పొట్లం పట్టుకొచ్చాడు. "పెద్దమ్మా, ఇది సింగిల్ ఆరిజిన్. నువ్వు తాగే కలగాపులగం పొడి కాదు" అన్నాడు. పిల్లాడి ప్రేమకి లోటు లేదు గానీ, ఆ కలగాపులగం అన్న మాట దగ్గర నాకు కొంచెం చురుక్కుమంది. అది మా అత్తగారి కలగాపులగం మరి.

ఆవిడ లెక్క చెబుతాను వినండి. అరకిలో ప్లాంటేషన్ ఏ, అరకిలో పీబెర్రీ, పైన 100 గ్రాముల చికోరీ. నేను కాపురానికి వెళ్లిన పదిహేను రోజులకి నన్ను కాఫీ పొడి కొట్టుకి వెంటబెట్టుకెళ్లి, "మా కోడలు. ఇకమీదట తనే వస్తుంది. పాళ్లు మారనివ్వకు నాయనా" అని కొట్టతనికి అప్పగించింది. బీరువా తాళాలు నా చేతికి రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది, పాళ్లు మాత్రం మొదటి నెల్లోనే వచ్చేశాయి. ఆ కొట్టులో పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి ఉండేది. ఇంటిపేరు, పక్కన పాళ్లు. మా పక్కింటివాళ్లది చికోరీ పడని కాఫీ. ఎదురింటివాళ్లు చిక్కదనం కోసం రోబస్టా రకం గింజ కలిపించేవాళ్లు. కళ్లు మూసుకుని తాగినా ఎవరింటి కాఫీయో చెప్పేయొచ్చు.

ఈ పేర్లు వినడమే గానీ, అర్థం నాకూ చాలాకాలం తెలియదు. అరబికా రకం కాఫీ పండు పైతోలు ఒలిచి, జిగురు పోయేలా కడిగి ఎండబెడితే ప్లాంటేషన్. కడగకుండా పండు పండుగానే ఎండబెడితే చెర్రీ. ఏ, బీ, సీ అన్నవి గింజ సైజులు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు చదునువైపులు ఆనించుకుని కవలల్లా కూర్చుంటాయి. ఎక్కడో కొన్ని పళ్లలో మాత్రం ఒకటే గింజ గుండ్రంగా పెరుగుతుంది. ఆ ఒంటి బిడ్డే పీబెర్రీ.

ఇక మావాడి సింగిల్ ఆరిజిన్ సంగతి. ఒకే చోట పండిన గింజ అని దానర్థం. ఆ చోటు ఒక తోట కావచ్చు, ఒక లోయ కావచ్చు, ఒక్కోసారి ఒక దేశమంతా కావచ్చు. ఎక్కడ పండిందో చెబుతుందంతే, ఎలా ఉంటుందో చెప్పదు. బంగినపల్లి అని రాసిపెట్టినంత మాత్రాన బుట్టలో ప్రతి పండూ తియ్యగా ఉంటుందా? కాకపోతే ఆ ఊరు పేరుకి విలువ లేకపోలేదు. 2019లో మన దేశపు కాఫీలు ఐదింటికి జీఐ, అంటే భౌగోళిక సూచిక, గుర్తింపు వచ్చింది. కూర్గు, చిక్‌మగళూరు, బాబా బుడన్ గిరి అరబికాలు, వయనాడు రోబస్టా, మన అరకు లోయ అరబికా. వేరే చోటి గింజ మీద ఆ పేరు వేసి అమ్మకూడదన్నమాట. ఆ బాబా బుడన్ అనే ఆయనే 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు దాచిపెట్టి తెచ్చాడని చెప్పుకుంటారు. మన వంటిళ్లలో డికాషన్ దిగడానికి ఆ దొంగతనమే మూలం అనుకుంటే పుణ్యకార్యమే!

అరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. చలికి పండు నిదానంగా పండుతుంది, ఆ నిదానంలోనే రుచి ఊరుతుంది. వేసవి మొదట్లో వాన పడితే మొక్కంతా తెల్లటి పూలు, అచ్చం మల్లెల వాసన. నవంబరు నుంచి కోత. ఒక కొమ్మ మీద పళ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు కాబట్టి ఎర్రవి కోసి పచ్చివి వదిలేసి, మళ్లీ కొన్నాళ్లకి అదే మొక్క దగ్గరకి రావాలి. ఆ ఏరివేత చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే. బుట్టలో పచ్చికాయలు పడితే కాఫీ వగరెక్కుతుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం వెలిసిందంటే, ఆ వేళ్ల ఓపిక అక్కడిదాకా నడిచిందన్నమాట.

అక్కడ తోటలంటే కూర్గులోలాగా పెద్ద పెద్ద ఎస్టేట్లు కావు. గిరిజన కుటుంబాలవి, తలా ఎకరమో రెండెకరాలో. ఎంతోమంది పళ్లు ఒకచోటికి చేరి, కలిసి, కడిగి, ఎండితేనే నా చేతికొచ్చిన పొట్లం. ఇది తెలిశాక మావాడితో అన్నాను, "ఒరే, నీదీ కలగాపులగమే. ఒక కొండ మీద కలిసింది, అంతే తేడా" అని. వాడు నవ్వేశాడు గానీ ఒప్పుకోలేదు.

సరే, పౌరుషానికి పోయి మర్నాడు పొద్దున్నే ఆ పొడి మా స్టీలు ఫిల్టర్లో వేశాను. నేను పాలు పొంగించేలోపే పైగిన్నెలో నీళ్లన్నీ దిగిపోయాయి. డికాషన్ చూస్తే పలచగా, తేనెరంగులో. అలవాటుగా పాలు, పంచదార కలిపి మావారికిచ్చాను. ఆయన ఓ గుక్క తాగి గ్లాసు వంక చూసి, "ఇవాళ హార్లిక్స్ ఇచ్చావేంటి?" అన్నారు. అరకు పరువు నా వంటింట్లో పోయింది.

తప్పు గింజది కాదు, నాది. ఆ పొడి ఫ్రెంచ్ ప్రెస్ కోసం, అంటే పొడిని నీళ్లలో ఊరబెట్టి వంచే పాత్ర కోసం, బరకగా ఆడించింది. పొట్లం మీద రాసే ఉంది, చదవలేదు. మన ఫిల్టరుకి పొడి అంతకంటే మెత్తగా ఉండాలి. పైగా చికోరీ నీళ్లని పట్టుకుని నెమ్మదిగా దింపుతుంది, నలుపూ చిక్కదనమూ ఇస్తుంది. అది లేనప్పుడు అదే ఫిల్టరు జల్లెడైపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇలాంటి గింజని మరీ నల్లగా మాడ్చరు, దాని సన్నటి పులుపూ వాసనా పోకుండా మధ్యరకంగా వేయిస్తారు. ఆ సున్నితం మీద గ్లాసుడు గేదెపాలు గుమ్మరిస్తే ఇంకేం మిగులుతుంది? మన పాలకాఫీకి పాలని ఎదిరించి నిలబడే మొండిదనం కావాలి. రోబస్టా కలిపేది అందుకే. అరబికాతో పోలిస్తే దాంట్లో కెఫీన్ కూడా దాదాపు రెండింతలు.

సాయంత్రం మావాడే చేసిపెట్టాడు. పావులీటరు నీళ్లకి 15 గ్రాముల పొడి. నీళ్లు మరిగాక అరనిమిషం ఆగి పోశాడు, నాలుగు నిమిషాలు ఊరనిచ్చి వంచాడు. పాలు లేవు, పంచదార లేదు. నిజం చెప్పొద్దూ, మొదటి గుక్కకి మొహం చిట్లించాను. పులుపు! కొంచెం చల్లారాక మాత్రం నారింజ తొక్క గిల్లినప్పటి వాసన, చివర్లో బెల్లం పాకం లాంటిది నాలుక మీద నిలిచింది. మూడో రోజుకి నాలుగు గంటల కప్పు కోసం గడియారం చూడటం మొదలెట్టాను. కానీ పొద్దున ఆరింటికి అది నాకొద్దు. ఆ వేళకి నాకు అత్తగారి పాళ్లే కావాలి, డవరాలో నురగ లేవాలి.

కలిపిన కాఫీకి ఉన్న గొప్ప గుణం నిలకడ. ఒక కొండ కాఫీ వానని బట్టి, ఎండని బట్టి ఏటేటా మారుతుంది. ఈ ఏడు నచ్చింది వచ్చే ఏడు అలాగే ఉంటుందన్న పూచీ లేదు. కలిపేవాడు ఒక గింజ నీరసంగా వస్తే ఇంకో గింజ పెంచి రుచిని సరిచేస్తాడు. నిపుణుడికి అదొక విద్య. దురాశపరుడికి మాత్రం నాసిరకం గింజని మాయం చేసే చోటు కూడా అదే.

చికోరీ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అది కాఫీ కాదు, ఒక మొక్క వేరు. గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు. ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు, కెఫీన్ ఉండదు. నెపోలియన్ కాలంలో కాఫీ దొరక్క ఫ్రాన్స్‌లో జనం దీన్ని ఆశ్రయించారు, తర్వాత కాఫీ దొరికినా రుచి మరిగి మానలేదు. మనమూ అంతేగా! దాన్ని చూసి సిగ్గుపడక్కర్లేదు, ఎంత పడిందో తెలియాలంతే. మన నిబంధనల ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఆ శాతం పొట్లం మీద రాయాలి. ఒకసారి ఊరెళ్లినప్పుడు పెద్ద బంగారు అక్షరాలు చూసి ఒక పొట్లం కొన్నాను. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుంటే వెనకవైపు చీమతలంత అక్షరాల్లో చికోరీ 47 శాతం అని ఉంది. కాఫీ ధర పెట్టి సగం వేరు కొనుక్కొచ్చుకున్నాను. అప్పటినుంచి పొట్లం ముందువైపు చూడటం మానేశాను.

"అక్కా, ఇన్ని చెప్పావు, రెండూ కొనే స్తోమత లేదు, ఒకటే చెప్పు" అంటారా? ఇంటిల్లిపాదీ పాలు కలిపి తాగేవాళ్లయితే కలిపిన పొడే కొనండి, చికోరీ 20 శాతం దాటనివ్వకండి. వారానికో పదిరోజులకో సరిపడా ఎదురుగా ఆడించుకోండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ పట్టి నిన్నటి పులుసు వాసనంతా లాగేసుకుంటుంది. పాలు లేకుండా తాగేవాళ్లు ఒకరున్నా సరే, ఆ ఒకరి కోసం అరకుదో చిక్‌మగళూరుదో చిన్న పొట్లం తెచ్చుకోండి. వేయించిన తేదీ చూసి తెచ్చుకోండి. ఖరీదైన గింజ తెచ్చి పాలల్లో ముంచడం మాత్రం నేను ఒప్పుకోను. పట్టుచీర కట్టుకుని అంట్లు తోమినట్టుంటుంది.

మా ఊళ్లో ఆ కాఫీ పొడి కొట్టు ఇప్పుడు లేదు. సెల్‌ఫోన్ల షాపొచ్చింది. ఖాతా పుస్తకం ఏమైందో అడగడానికి కొట్టతనూ లేడు. మా ఇంటి పాళ్లు నాకు గుర్తున్నాయి కాబట్టి ఇక్కడ రాసేశాను. మీ అమ్మవో అత్తగారివో పాళ్లు మీకు తెలియకపోతే, ఆవిడ ఫోనెత్తే వేళ చూసి ఇవాళే అడిగి రాసుకోండి. నాకూ రాసి పంపండి, ఒకసారి ఆడించి తాగి చూస్తాను.