వృషణాలు: పరిశోధన నుంచి శిల్పం దాకా

పురుషుల బీజకోశాలే వృషణాలు. శుక్రకణాల తయారీకి శరీరం కంటే 2-3 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి కావాలి. అందుకే ఇవి ఉదరం వెలుపల ముష్కగోణిలో ఉంటాయి.

1668: వృషణం సన్నని నాళికల చుట్ట అని డి గ్రాఫ్ వివరణ. 1677: శుక్రకణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించిన లీవెన్‌హుక్. 1850: లీడిగ్ కణాల గుర్తింపు. 1865: సెర్టోలి కణాల గుర్తింపు. పరీక్షల్లో ఈ రెండు కణాల పనులనే తారుమారు చేసి అడుగుతారు. టెస్టోస్టిరాన్‌ను స్రవించేవి లీడిగ్ కణాలు. ఎదిగే శుక్రకణాలకు పోషణనిచ్చేవి సెర్టోలి కణాలు.

1935లో ఎద్దు వృషణాల నుంచి టెస్టోస్టిరాన్‌ను వేరుచేశారు. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా విడివిడిగా దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1939లో వీరిద్దరికీ నోబెల్. గుర్తుంచుకోవాల్సింది: అది వైద్యంలో కాదు, రసాయనశాస్త్రంలో.

ఇక శిల్పానికి వస్తే, పరీక్షల సంస్కృతి విభాగం కోసం తప్పక చదవాల్సింది గుడిమల్లం. తిరుపతి జిల్లాలోని ఈ ఊరి పరశురామేశ్వరాలయంలో సుమారు 5 అడుగుల శివలింగం పురుషాంగాన్ని సహజ రూపంలో చూపుతుంది; ముందుభాగాన మరుగుజ్జుపై నిలిచిన శివుడు.