మేళ్లచెరువు శంభులింగేశ్వరుడు: దేవుడు "వెలిశాడు" అంటే ఏంటి?

శివరాత్రి వీడియోలో లింగోద్భవం గురించి రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్లిపోయాం. నిజానికి అది అంత చిన్న విషయం కాదు, అందుకే ఈ పోస్ట్.

ముందు ఒక ప్రశ్న. గంటన్నర క్యూలో నిలబడతాం. గర్భగుడి ముందు పది సెకన్లు దొరుకుతాయి. "కదలండి, కదలండి" అనగానే బయటికి వచ్చేస్తాం. పక్కనున్నవాళ్లు "ఒళ్లు పులకరించింది" అంటారు. మనకి మాత్రం ఏమీ అనిపించలేదు. అంటే మన భక్తిలో ఏదో లోపం ఉన్నట్టా? మనలో చాలామందికి ఈ డౌట్ ఉంటుంది. పైకి అనరు, అంతే.

తెలుగులో గుడిని "కట్టారు" అంటాం, విగ్రహాన్ని "ప్రతిష్ఠించారు" అంటాం. స్వయంభువు విషయంలో మాత్రం "వెలిశాడు" అంటాం. తేడా గమనించారా? మొదటి రెండూ మనుషులు చేసే పనులు. వెలవడం దేవుడు చేసే పని. మనం పిలవకముందే ఆయన వచ్చి ఉన్నాడు, మనం ఆలస్యంగా చూశాం అని ఆ మాటకి అర్థం.

మేళ్లచెరువు అలాంటి చోటే. సూర్యాపేట జిల్లాలో, హైదరాబాద్–విజయవాడ హైవే మీద కోదాడ దగ్గర పక్కకి తిరిగి వెళ్లాలి. చుట్టూ సున్నపురాయి నేల, సిమెంట్ ఫ్యాక్టరీలు. ఆ ఊళ్లోనే స్వయంభూ శంభులింగేశ్వర స్వామి గుడి ఉంది. లింగం పైభాగంలో చిన్న రంధ్రం, అందులో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి. అవి శివుడి తలమీది గంగ అని భక్తుల నమ్మకం. అందుకే దక్షిణ కాశీ అని కూడా పిలుస్తారు. లింగం పెరుగుతోందని కూడా ఊళ్లో నమ్ముతారు. యూట్యూబ్‌లో అందరూ పట్టుకునేది ఆ ఒక్క పాయింటునే. నాకు మాత్రం ఆ గుడి గురించి చెప్పుకునే కథ ఇంకా ఇష్టం. మందలో ఒక ఆవు రోజూ ఒకే చోటికి వెళ్లి పాలు వదిలేదట. దాన్ని చూసిన తర్వాతే మనుషులకి అక్కడ స్వామి ఉన్నాడని తెలిసింది. అంటే అందరికంటే ముందు తెలిసింది ఆవుకి.

క్రైస్తవుల్లో జనవరి 6న వచ్చే ఎపిఫనీ, అంటే ముగ్గురు రాజుల పండుగ కూడా ఈ విషయం గురించే. ఆ గ్రీకు మాటకి అర్థం "ప్రత్యక్షం కావడం". తూర్పు నుంచి వచ్చిన పరాయి దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి పసిబిడ్డ యేసు దగ్గరికి వెళ్లి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారు. (ముగ్గురు అని మత్తయి సువార్తలో లేదు, కానుకలు మూడు కాబట్టి అలా అనుకున్నారు.) బిడ్డ ఏ ఊళ్లో పుడతాడో హేరోదు రాజు దగ్గరున్న శాస్త్రులకి గ్రంథాల ద్వారా తెలుసు. ఊరి పేరు కూడా చెప్పారు. వాళ్లు వెళ్లినట్టు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు లింగోద్భవానికి వద్దాం. బ్రహ్మ, విష్ణువు "నేను గొప్పంటే నేను గొప్ప" అని వాదించుకుంటుంటే మధ్యలో అగ్నిస్తంభం లేచింది. మొదలు చూడటానికి విష్ణువు వరాహమై కిందికి, కొస చూడటానికి బ్రహ్మ హంసై పైకి వెళ్లారు. ఇద్దరికీ ఏమీ దొరకలేదు. మనం సాధారణంగా "శివుడు అనంతుడు" అని ఇక్కడ కథ ఆపేస్తాం. కానీ అసలు కథ వెనక్కి వచ్చాకే ఉంది. విష్ణువు "నాకు కనపడలేదు" అన్నాడు. బ్రహ్మ మాత్రం మొగలిపువ్వుని సాక్ష్యానికి తెచ్చుకుని "చూశాను" అన్నాడు. మన ఇళ్లలో చెప్పే కథలో కామధేనువు కూడా ఉంటుంది. అది తలతో అవునని, తోకతో కాదని చెప్పిందట. (ఆవు ముఖానికి కాకుండా వెనకభాగానికి పూజ ఎందుకో మీ అమ్మమ్మని అడగండి, ఇదే చెప్తుంది.) మొగలిపువ్వు శివపూజకి పనికిరాకుండా పోయింది. శివపురాణంలోని విద్యేశ్వర సంహితలో, నిజం చెప్పినందుకు విష్ణువుకి తనతో సమానమైన పూజ దక్కేలా శివుడు వరమిచ్చాడు.

అంటే ఏంటి? సాక్షాత్తూ విష్ణువుకే మొదలు దొరకలేదు. దొరకలేదన్నందుకు శిక్ష పడలేదు, వరం వచ్చింది. శిక్ష పడింది దొరకనిదాన్ని దొరికిందన్నందుకు. ఆఫీసులో స్టాండప్ మీటింగులో అవ్వని పనిని "అయిపోయింది" అనేవాళ్లని చూసి చిరాకు పడతాం కదా, భక్తిలో కూడా అదే లెక్క. ఇన్‌స్టాలో "దివ్యానుభూతి కలిగింది" అని పెట్టే ముందు నిజంగా కలిగిందా అని ఒక్కసారి చూసుకోవాలి. కలగకపోతే స్వామి ముందే "ఏమీ కనపడలేదు స్వామీ, అయినా వచ్చాను" అనండి. పది సెకన్లలో ఆ మాట పడుతుంది.

లింగోద్భవ కాలం శివరాత్రి నాటి అర్ధరాత్రి, నిశీథ వేళ. సుమారు 48 నిమిషాలు. జాగారం పేరుతో ఆ టైములో మూడో సినిమా మధ్యలో ఉండకండి. ఫోన్ పక్కన పెట్టి చెంబుడు నీళ్లతో అభిషేకం, ఒక్క మారేడు దళం, పంచాక్షరి చాలు.

వీలైతే శివరాత్రి జాతరకి మేళ్లచెరువు వెళ్లండి. ప్రభలు, ఎడ్ల పందేలు చూడటానికి రెండు కళ్లూ చాలవు. రద్దీ నచ్చనివాళ్లు మామూలు సోమవారం వెళ్లండి. అప్పుడు లింగం మీది ఆ నీళ్లని కాస్త నిలబడి చూడొచ్చు.